బడి చెప్పే చిరునామా

తెనాలి జంక్షన్‌లో రేపల్లె బండి ఎక్కేవాళ్లు బోర్డు మీద పేరు చూసి ఎక్కుతారు. బండిని వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె చేర్చేది మాత్రం ఆ బోర్డు కాదు. స్టేషను దాటాక పట్టాలు చీలే చోట పాయింట్లు ఎటు కుదిర్చి ఉన్నాయో బండి అటే పోతుంది. అవి మెయిన్ లైనుకు కుదిర్చి ఉంటే, రేపల్లె అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా బండి చుండూరు మీదుగా బాపట్ల దారి పడుతుంది. 1916లో రేపల్లె లైను వచ్చినప్పటి నుంచి ప్రయాణికుల పని పేరు చదవడం, దారి కుదర్చడం రైల్వే వాళ్ల పని. ఉత్తరాల సంగతీ అంతే. కవరు మీద మనం ఊరి పేరు రాస్తాం. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చాక సార్టింగులో పని నడిపేది అంకె. తెనాలికి 522201, బాపట్లకు 522101, రేపల్లెకు 522265. పేరు మనిషికి గుర్తుండటానికి, అంకె వ్యవస్థ నడవడానికి. ఇంటర్నెట్‌లో ఈ రెంటినీ కలిపే ఏర్పాటు పేరు డీఎన్‌ఎస్. బడి కంప్యూటర్‌లో పిల్లవాడు ఒక సైటు పేరు కొట్టగానే ఆ యంత్రం మొదట అడిగేది ‘ఈ పేరు ఎక్కడుంది?’ అనే. దానికి జవాబుగా ఒక అంకె వస్తుంది. ఆ జవాబు ఎవరు చెబుతారో దారి వాళ్ల చేతిలో ఉన్నట్టే.

బడి తన నెట్‌వర్క్‌లో ఈ జవాబును మార్చి చెప్పడం కొత్త పని కాదు, వింత పని అంతకంటే కాదు. యూట్యూబ్ ఎక్కడుంది అని అడిగితే ‘అలాంటిది లేదు’ అని చెప్పడం, లేదా వేరే అంకె చేతికిచ్చి పంపడం ప్రపంచమంతా బళ్లు చేస్తున్నదే. కృష్ణా డెల్టాలోని ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల బళ్లలో కంప్యూటర్ అడుగుపెట్టిన తీరును, దానికి వేసిన తాళం చేతులు మారిన తీరును పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తోంది. జవాబు మార్చే హక్కు బడికి ఉంది. మార్చిన సంగతి దాచే హక్కు మాత్రం లేదు. తాళం గది తలుపుకు ఉన్నంతకాలం అది తాళమని అందరికీ తెలుసు, తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా తెలుసు. అది పేరులోకి, ఆపైన యంత్రంలోకి జరిగిన కొద్దీ టీచరుకు దూరమైంది, పిల్లలకు కనబడకుండా పోయింది. పని చేయడం కూడా తగ్గింది.

పేరుకు వేరే చిరునామా చెప్పడాన్ని దొంగదారి అనుకునేవాళ్లు ముందు దాని పుట్టుక చూడాలి. 1970లలో అమెరికాలోని ఆర్పానెట్‌లో పేర్ల పట్టిక మొత్తం ఒకే ఒక్క ఫైలు. దాని పేరు హోస్ట్స్. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన కేంద్రం దాన్ని కూర్చి ఉంచేది. మిగతావాళ్లు నకలు తెచ్చుకుని తమ యంత్రంలో పెట్టుకునేవాళ్లు. యంత్రాలు పెరిగేసరికి ఒక్క ఫైలుతో నెట్టుకురావడం కష్టమైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్‌కు రూపం ఇచ్చాడు. ఒకే పెద్ద పుస్తకం బదులు, ఎవరి పేర్ల లెక్క వాళ్లు చూసుకునే పద్ధతి అది. మన దేశపు ‘డాట్ ఇన్’ 1989లో ఆ పద్ధతిలోనే వచ్చింది. ‘భారత్’ అని తెలుగు లిపిలోనే రాసుకునే డొమైన్ కూడా తర్వాత దొరికింది. అయినా ఆ పాత హోస్ట్స్ ఫైలు పోలేదు. నేటికీ ప్రతి విండోస్ కంప్యూటర్‌లో సిస్టమ్32 ఫోల్డర్‌లో డ్రైవర్స్, దాని లోపల ఈటీసీ అని పోతే ఆ పేరుతోనే కనిపిస్తుంది. అడ్మినిస్ట్రేటర్ హక్కుతో నోట్‌ప్యాడ్‌లో తెరిచి, 127.0.0.1 అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, పక్కన ఒక సైటు పేరు రాసి దాచితే చాలు. 127.0.0.1 అంటే ‘నేనే’ అని అర్థం. ఇక ఆ సైటు పేరు కొట్టినప్పుడల్లా కంప్యూటర్ తన తలుపు తానే తట్టుకుని, లోపల ఎవరూ పలకలేదని చెప్పి ఊరుకుంటుంది. బయటి డీఎన్‌ఎస్‌ను అడిగే లోపే ఈ ఫైలు చూసుకుంటుంది కాబట్టి ఇక్కడ రాసిందే చెల్లుతుంది. పేరుకు సొంత జవాబు చెప్పుకునే వీలు డీఎన్‌ఎస్ కంటే ముందే ఉందన్నమాట. ఏ సంస్థ అయినా తన ప్రింటర్‌కూ తన సర్వర్‌కూ లోపలి పేర్లు పెట్టుకునేది ఇదే దారిలో. పద్ధతిలో తప్పు లేదు. దాన్ని ఎవరి మీద, ఎవరికి చెప్పి వాడుతున్నారన్నదే ఆలోచించాలి.

మన దేశంలో బళ్లకు కంప్యూటర్లు ఇచ్చే తొలి పెద్ద ప్రయత్నం 1984-85లో కేంద్రం మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకం. దానికి తెచ్చినవి బ్రిటన్‌లో రూపొందిన బీబీసీ మైక్రో యంత్రాలు. వాటికి ఇంటర్నెట్ లేదు, పేర్లు వెతికే పనే లేదు. తాళం అంటే గది తాళం. చెప్పులు బయట విడిచి, వరుసగా లోపలికి పోయి, టీచరు చూపిన మీట నొక్కి రావడమే కంప్యూటర్ పీరియడ్. ఆ కట్టుబాటు చాదస్తంగా కనిపించవచ్చు గాని, అందులో ఒక నిజాయితీ ఉంది. తలుపు మూసి ఉంటే మూసి ఉన్నట్టు కనిపించేది. ఎందుకు మూశారని అడగాలనుకుంటే ఎవరిని అడగాలో ప్రతి పిల్లకూ తెలుసు. తాళంచెవి ఎవరి టేబుల్ సొరుగులో ఉండేదో కూడా తెలుసు.

డెల్టా పల్లెల దాకా కంప్యూటర్ ల్యాబ్ నిజంగా చేరింది 2008 తర్వాత. ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు ప్రైవేటు సంస్థల ద్వారా ఐదేళ్ల ఒప్పందం మీద ల్యాబులు పెట్టించారు. ఖర్చు తగ్గించడానికి ఎన్‌కంప్యూటింగ్ అనే కంపెనీ పరికరాలు వాడారు. ఒక కంప్యూటర్‌కు అరచేతిలో పట్టే పెట్టెలు కొన్ని తగిలిస్తారు. ఒక్కో పెట్టెకు ఒక తెర, ఒక కీబోర్డు, ఒక మౌస్. చూడటానికి అయిదారు కంప్యూటర్లు, లోపల పని చేసేది ఒక్కటే. ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది ఈ అమరికే. యంత్రం ఒకటే అయితే హోస్ట్స్ ఫైలు కూడా ఒకటే. అందులో ఒక్క వరుస రాస్తే ఆ తెరలన్నిటి మీదా ఆ పేరు మాయమవుతుంది. ఇరవై బెంచీల తరగతిని అదుపులో పెట్టాల్సిన మనిషికి ఇంతకంటే తేలికైన సాధనం దొరకదు. కాని ల్యాబును నడిపిన మనిషి ఆ బడి టీచరు కాదు, ఒప్పందం మీద వచ్చిన ఇన్‌స్ట్రక్టర్. 2013లో ఒప్పందం ముగిసింది, ఇన్‌స్ట్రక్టర్లు పోయారు, ల్యాబులు బడికి మిగిలాయి. తాళాలు ఎక్కడెక్కడ వేశారో చెప్పే పుస్తకం లేకుండా ల్యాబు చేతికి వస్తే ఇబ్బంది అక్కడే. గది తాళమైతే పగలగొట్టి కొత్తది వేసుకోవచ్చు. ఏ ఫైలులో ఏ వరుస ఉందో తెలియనివాళ్లకు అది తాళమని కూడా తెలియదు. నెట్ చెడిపోయిందనో కంప్యూటర్ పాతదైందనో అనుకుంటారు. దాచిన తాళం మొదటి నష్టం ఇదే. పిల్లలకు తెలియకుండా పెట్టింది చివరికి బడికే తెలియకుండా పోతుంది.

అదే కాలంలో బజారులో నెట్ సెంటర్లు నడిచేవి. బడిలో దొరకనిది అక్కడ గంటకు ఇంతని దొరికేది. 2011లో కేంద్రం సైబర్ కేఫ్‌లకు నియమాలు పెట్టింది. క్యాబిన్ల అడ్డుగోడ నాలుగున్నర అడుగులు మించకూడదు. క్యాబిన్ లేని చోట తెరలు అందరికీ కనిపించేలా బయటి వైపు తిరిగి ఉండాలి. పెద్దవాళ్లు తోడు లేకుండా మైనర్లను క్యాబిన్లో కూర్చోబెట్టకూడదు. చెడ్డ సైట్లను అడ్డుకునే సాఫ్ట్‌వేర్ మాట కూడా ఉంది గాని, బరువంతా దాని మీద పెట్టలేదు; ముందు గోడ ఎత్తు తగ్గించమన్నారు. ఈ నియమాల్లో యజమానుల నెత్తిన అనవసరపు భారం వేసినవి చాలా ఉన్నాయి. అయినా ఈ ఒక్క చోట వాటి ఆలోచన సరైనది. పిల్లవాడి వెనక మనుషులు తిరుగుతున్నారని వాడికి తెలిసే చూపు అది. వాడికి తెలియకుండా జవాబు మార్చి పంపడం వేరే జాతి పని.

దూరంగా కూర్చున్నవాళ్లు, చెప్పకుండా సైట్లు మూస్తే ఏమవుతుందో మన దేశమే రెండుసార్లు చవిచూసింది. 2003 సెప్టెంబరులో యాహూ గ్రూప్స్‌లోని ఒకే ఒక్క గుంపును మూయాలని ప్రభుత్వం ఆదేశిస్తే, ఇంటర్నెట్ కంపెనీలు యాహూ గ్రూప్స్ మొత్తాన్ని మూసి పడేశాయి. 2006 జులైలో ఇరవైకి లోపు పేజీల జాబితా ఇస్తే, కొన్ని కంపెనీలు బ్లాగ్‌స్పాట్ మొత్తాన్నీ మూశాయి. తెలుగు బ్లాగులు అప్పుడప్పుడే రెక్కలు విప్పుతున్న ఏడాది అది. కూడలి లాంటి బ్లాగు సంకలినులు మొదలైన కాలం. వంటల గురించి రాసుకునేవాళ్లు, పద్యాలు రాసుకునేవాళ్లు, ఎవరి మీదా కోపం లేనివాళ్లు ఒక ఉదయాన తమ పేజీ తామే తెరవలేకపోయారు. అడ్డుకోవాల్సింది ఒక ఇల్లు, మూసింది ఊరంతా. ఇది కంపెనీల నిర్లక్ష్యమని తీసిపారేయలేం. పేరు మీదో అంకె మీదో వేసే తాళం గుణమే అంత. డీఎన్‌ఎస్‌కు తెలిసేది ఊరి పేరు, వీధి పేరు కాదు. యూట్యూబ్ అనే పేరు మూస్తే సినిమా పాటలతో పాటు తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం పాఠాలూ పోతాయి. ఇంత మొద్దు కత్తి వాడేటప్పుడు పక్కవాడికి తగిలిందా అని చూసే మనిషి దగ్గరే ఉండాలి.

ఈ విషయంలో అమెరికా అనుభవం మనకు లెక్కలతో సహా దొరుకుతుంది. అక్కడ 2000 డిసెంబరులో ఒక చట్టం వచ్చింది. ఇంటర్నెట్‌కు ప్రభుత్వ రాయితీ కావాలంటే బడి, గ్రంథాలయం అసభ్య చిత్రాలను అడ్డుకునే ఏర్పాటు పెట్టుకోవాలని అది చెప్పింది. 2002లో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ ఆ సాఫ్ట్‌వేర్లను పరీక్షించింది. బిగింపు అతి తక్కువగా పెట్టినప్పుడు అసభ్య సైట్లలో 87 శాతం ఆగాయి, పనికొచ్చే ఆరోగ్య సైట్లలో 1.4 శాతం ఆగాయి. బిగింపు పూర్తిగా పెంచితే అసభ్య సైట్లలో ఆగినవి 91 శాతం. అంటే పెరిగింది నాలుగే. ఆరోగ్య సైట్లలో ఆగినవి మాత్రం 24 శాతానికి చేరాయి. నాలుగు గింజల తాలు ఏరబోయి చాటలో పావు వంతు బియ్యం పారబోసినట్టు. నెలసరి గురించో, రక్తహీనత గురించో, తన ఒంట్లో వచ్చే మార్పు గురించో ఇంట్లో అడగలేక కంప్యూటర్‌ను అడిగే ఆడపిల్లకు ‘అలాంటిది లేదు’ అనే జవాబు వస్తుంది. ఆ పిల్ల తాళాన్ని అనుమానించదు, తన ప్రశ్నే తప్పనుకుంటుంది. ఆ చట్టం మీద కేసు నడిచి 2003లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. గ్రంథాలయాల గురించిన ఆ తీర్పులో గట్టి ఊతంగా నిలిచిన వాదం గమనించదగ్గది: పొరపాటున ఏదైనా మూసుకుపోతే పాఠకుడు గ్రంథపాలకుణ్ణి అడిగి తెరిపించుకోవచ్చు కదా అన్నారు. తాళం చెల్లడానికి కారణం తాళం గొప్పతనం కాదు, చెవి అదే గదిలో ఉండటం. మన బాపట్ల జిల్లాలోనే వేటపాలెంలో 1918 నుంచి సారస్వత నికేతనం ఉంది. గ్రంథాలయాలతో పెరిగిన ఈ నేలకు ఆ వాదం కొత్తగా చెప్పక్కర్లేదు. అల్మరాకు తాళం ఉంటే పాఠకులకు ఆ తాళం కనిపిస్తుంది, లోపల పుస్తకాలున్నాయని తెలుస్తుంది, అడిగే దారి ఉంటుంది. అల్మరానే కనబడకుండా చేసి, ఇక్కడ ఎప్పుడూ ఏ పుస్తకమూ లేదని చెప్పే గ్రంథాలయాన్ని ఎవరూ ఒప్పుకోరు.

మార్చిన జవాబు అన్నివేళలా చెడ్డదే అనడం కూడా సరికాదు. గూగుల్ వెతుకులాటలో అసభ్యమైనవి వడకట్టడానికి, యూట్యూబ్‌లో కొన్ని రకాల వీడియోలు తగ్గించడానికి ఆ కంపెనీలే విడిగా పేర్లు పెట్టి ఉంచాయి. బడి తన డీఎన్‌ఎస్‌లో మామూలు పేరును ఆ పేరు వైపు తిప్పితే సైటు తెరుచుకుంటుంది, వడపోత కూడా జరుగుతుంది. తెనాలిలో బండిని ఆపేయకుండా పక్క లైను మీదకు తిప్పినట్టు అది. ఈ పని ఇంటర్నెట్ నియమాల లోపలే, అవతలివాళ్లు ఒప్పుకుని ఇచ్చిన దారిలోనే జరుగుతుంది.

కాని చెప్పకుండా మార్చే జవాబుకు కాలం చెల్లుతోంది. బడి వాడే ఉపాయం, దొంగ వాడే ఉపాయం సాంకేతికంగా ఒకటే కావడం దానికి కారణం. 2008లో డాన్ కామిన్‌స్కీ అనే నిపుణుడు డీఎన్‌ఎస్ సర్వర్లకు దొంగ జవాబులు ఎంత తేలిగ్గా మింగించవచ్చో చూపించాడు. బ్యాంకు పేరు కొట్టిన మనిషిని బ్యాంకులాంటి నకిలీ పేజీకి పంపవచ్చని తెలిసి ప్రపంచం ఉలిక్కిపడింది. దాని తర్వాత జవాబు మీద ముద్ర వేసే పద్ధతి మూల సర్వర్లకు 2010లో వచ్చింది. అడిగే ప్రశ్ననే కవరులో పెట్టి పంపే పద్ధతి 2018లో ప్రమాణమైంది. జనం కూడా నేర్చుకున్నారు. 2014 మార్చిలో టర్కీ ప్రభుత్వం ట్విటర్ పేరును మూయించినప్పుడు ఇస్తాంబుల్ గోడల మీద కుర్రాళ్లు రంగుతో 8.8.8.8 అని రాశారు. అది గూగుల్ అందరికీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌ఎస్ అంకె; దాన్ని ఫోన్‌లో కొట్టుకుంటే ప్రభుత్వం మార్చిన జవాబు అక్కర్లేదు. ఒక దేశం వేసిన తాళానికి చెవి నాలుగు ఎనిమిదులు అయింది. పదిహేనేళ్ల పిల్లలకు ఆ నాలుగు అంకెలు గుర్తుపెట్టుకోవడం ఎంతసేపు?

మన దగ్గర తాళం ఇంకో మెట్టు ఎక్కింది 2022 డిసెంబరు 21న, అదీ ఈ ప్రాంతంలోనే. తెనాలికి దగ్గరగా, చుండూరు మండలం యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబ్‌లు. బైజూస్ పాఠాలు ముందే నింపి ఇచ్చారు. పొలం పని చేసుకునే ఇంటి పిల్ల చేతికి అంతటి యంత్రం రావడం చిన్న సంగతి కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. పనికిరానివి చూడకుండా అందులో దూరం నుంచి అదుపు చేసే సాఫ్ట్‌వేర్ ఉందని, పిల్లలు ఏం చూశారో పెద్దలకు తెలుస్తుందని అప్పుడు చెప్పారు. గదిలో మొదలైన తాళం ఫైలులోకి వచ్చి, అక్కణ్ణుంచి పిల్లల సంచిలోకి వచ్చింది. దాని నియమాలు రాసింది మాత్రం ఆ పిల్ల చదివే బడి కాదు. కొద్ది నెలల్లోనే పిల్లలు తాళాలు తీయించుకుని ఆటలు, వీడియోలు చూస్తున్నారని పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఆ వార్తలు చదివి చాలామంది పిల్లలను తిట్టారు, కొందరు ట్యాబ్‌లను తిట్టారు. నాకు తప్పు తాళం అమరికలో కనిపిస్తుంది. ఏది మూశారో, ఎందుకు మూశారో ఎవరూ చెప్పని తాళం పిల్లలకు కట్టుబాటులా కనబడదు, పొడుపుకథలా కనబడుతుంది. పొడుపుకథ విప్పడం వాళ్ల వయసుకు సహజం. ఆ పాఠాల కంపెనీ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2013లో ఇన్‌స్ట్రక్టర్లు వెళ్లినప్పుడు వచ్చిన ప్రశ్నే ఇంకా పెద్దదై మళ్లీ వచ్చింది: బయటివాళ్లు పోయాక బడికి మిగిలేది ఏమిటి?

డీఎన్‌ఎస్ నియమాలు రాసే ఇంజనీర్లు ఈ విషయాన్ని మనకంటే ముందే పట్టించుకున్నారు. 2020 అక్టోబరులో వాళ్లు జవాబుతో పాటు కారణం కూడా పంపే పద్ధతి తెచ్చారు. అందులో 15, 16, 17 అనే మూడు అంకెలు చూడండి. 15 అంటే ఈ సర్వర్ నడిపేవాళ్లు తమ సొంత నిర్ణయంతో ఆపారు. 16 అంటే బయటివాళ్లు ఆపమంటే ఆపారు. 17 అంటే అడిగేవాళ్లే ముందు కోరుకుంటే వడకట్టారు. కాదనడం మూడింట్లోనూ ఒకటే. ఎవరు కాదన్నారన్నదే తేడా, ఆ తేడా అడిగినవాళ్లకు చెప్పే వీలుండాలన్నదే ఆ పద్ధతి సారం. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ప్రశ్నలను కవరులో పెట్టి పంపడం మొదలుపెట్టినప్పుడు బళ్లలాంటి, సొంత వడపోత ఉన్న నెట్‌వర్క్‌ల కోసం ఒక ప్రత్యేకమైన పేరు కేటాయించింది. ‘ఇక్కడ మేం వడకడుతున్నాం’ అని బడి డీఎన్‌ఎస్ ఆ పేరు ద్వారా తెలియజేస్తే బ్రౌజర్ తనంతట తానుగా కవరు పంపడం మానుకుంటుంది. దొంగకూ బడికీ ఒకే ఉపాయం ఉన్నప్పుడు ఇద్దరినీ విడదీసేది ఈ చెప్పడం ఒక్కటే. మన బళ్లలో ఈ మూడు అంకెల్లో ఏది నడుస్తోందని ప్రధానోపాధ్యాయులను అడిగితే, చాలా చోట్ల 16 అనే చెప్పాల్సి వస్తుంది. అది 15 కావాలి, వీలైన చోట 17 కావాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు తెలియనివి కావు. మూసిన పేర్లు చెబితే పిల్లలకు వాటి మీదే ఆశ పుడుతుందంటారు. అసభ్యమైన సైట్ల పేర్లు ఒక్కొక్కటీ గోడకెక్కించమని ఎవరూ అనడం లేదు. ఆ రకం మొత్తం మూశామని ఒక వాక్యం చాలు. పేరుతో చెప్పాల్సినవి పిల్లలకు ఎలాగూ తెలిసినవే: యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఆటల సైట్లు. ఇంట్లో నాన్న ఫోన్‌లో తెరుచుకున్నది బడిలో ‘లేదు’ అంటే ఆ అబద్ధం పట్టుకోవడానికి ఒక్క సాయంత్రం పట్టదు. ఒక అబద్ధం పట్టుకున్న పిల్లలు బడి చెప్పే మిగతా మాటలను ఎలా నమ్ముతారు? 2016లో జియో వచ్చాక, 2017 చివర్లో ఫైబర్‌నెట్ వచ్చాక ప్రతి ఇంట్లో అన్నీ దొరుకుతున్నాయి, ఇక బడిలో తాళమెందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. ఇంట్లో టీవీ ఉందని తరగతిలో టీవీ నడపం కదా. నలభై నిమిషాల పీరియడ్, ఉన్న కాస్త నెట్ పాఠానికి సరిపోవాలి. బడి దేన్ని లోపలికి రానివ్వాలో ఎంచుకోవడం తప్పు కాదు. పాఠ్యపుస్తకం ఎంచుకోవడమూ అలాంటిదే. నాలుగు ఎనిమిదులతో తెరుచుకునే తాళానికి ఇంత చర్చ ఎందుకన్నది మరో మాట. మినప చేను చుట్టూ వేసే ముళ్లకంచె దొంగను ఆపదు, మేకను ఆపుతుంది. ఇక్కడ చేను ఉంది, తొక్కొద్దు అని దారిన పోయేవాళ్లకు చెబుతుంది. రైతులెవరూ ఆ కంచె దండగ అనరు. డీఎన్‌ఎస్ తాళం కూడా కంచె లాంటిదే. దాన్ని కోటగోడ అని నమ్మించబోయినప్పుడే మోసం మొదలైంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం టీచర్ల వైపు నుంచి వస్తుంది. ఇప్పటికే యాప్‌ల్లో ఫొటోలు ఎక్కించడంతో సగం పొద్దు పోతుంటే, ఈ పని కూడా మా నెత్తినేనా అంటారు. న్యాయమైన మాటే. అందుకే మొత్తం జాబితా బడి తయారు చేయాలని నేను అనడం లేదు. వైరస్‌లు పంపే సైట్లు, అసభ్య సైట్ల మూల జాబితా పైనుంచే రావాలి. అంత పని ఒక బడి వల్ల కాదు. కాని ఒక పేరు తెరిచే హక్కు, ఒక పేరు మూసే హక్కు బడిలో ఒకరికి ఉండాలి, అది ఎవరో పిల్లలకు తెలియాలి. రౌటర్‌లో ఒక పేరు తెరవడం రెండు నిమిషాల పని. జీవశాస్త్రం టీచరు రేపటి పాఠానికి ఒక ఆరోగ్య సైటు కావాలంటే జిల్లా కార్యాలయానికి ఉత్తరం రాయాల్సిన అవసరం ఉండకూడదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. జవాబులు మార్చే డీఎన్‌ఎస్, కావాలంటే ప్రతి ప్రశ్ననూ రాసి పెట్టుకోగలదు. ఏ తెర మీద ఎన్ని గంటలకు ఏ పేరు అడిగారో అందులో ఉంటుంది. పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల సమాచారానికి సాధారణంగా తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంటోంది. తాళం ఉన్న చోట చిట్టా కూడా ఉందా, ఉంటే ఎన్ని రోజులు ఉంచుతారు, ఎవరు చూస్తారు అన్నవి ఆ తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతులు.

అడగడానికి చోటు లేకపోలేదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడుల్లో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. మధ్యాహ్న భోజనం గురించి, మరుగుదొడ్ల గురించి అడుగుతున్నట్టే ఈ ఒక్కటి కూడా అడగండి. మా పిల్లలు కూర్చునే కంప్యూటర్లలో ఏ ఏ పేర్లు మూశారు, ఎవరు మూశారు, ఏదైనా తెరవాలంటే ఎవరికి చెప్పాలి? ఆ మూడు జవాబులు ఒక్క కాగితం మీద పడతాయి. తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని మీ పిల్లలు చదివే బడి ల్యాబ్ తలుపు పక్కన, చెప్పులు విడిచే చోట, ప్రధానోపాధ్యాయుల సంతకంతో ఆ కాగితం అంటించమనండి.